పక్షి కాలికి రింగు: అపోహలు – వాస్తవాలు

పక్షి ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్లు బతుకుతుందో తెలుసుకోవడానికి పరిశోధకులు దాని కాలికి లోహపు రింగు వేస్తారు. వలస పక్షి కాలికి ఆ రింగు కనిపిస్తే రకరకాల మాటలు పుడతాయి. అందులో కెమెరా ఉందని ఒకరు, మూగజీవిని హింసిస్తున్నారని ఒకరు, ఉపగ్రహాల కాలంలో ఇదేం పాత పని అని మరొకరు. కొన్ని మాటలు విని ఊరుకోవచ్చు. కొన్ని మాత్రం అలా వదిలేసేవి కావు. వాటిని నమ్మినవాళ్ల చేతిలో పక్షి ప్రాణమే పోతుంది.

అపోహ: రింగులో ట్రాకర్ ఉంటుంది, పక్షి ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిసిపోతుంది

రింగులో ఏమీ ఉండదు. అది మామూలుగా అల్యూమినియం మిశ్రమంతో చేసిన చిన్న పట్టీ. దాని మీద ఒక సంఖ్య, వేసిన సంస్థ పేరో చిరునామానో చెక్కి ఉంటాయి. అంతే. 1899లో డెన్మార్క్‌లోని వీబోర్గ్‌లో మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగ్ పిట్టలకు సంఖ్య, చిరునామా ఉన్న అల్యూమినియం రింగులు వేశాడు. మూలంలో ఇప్పటికీ అదే పద్ధతి.

సంఖ్యకు అర్థం రావాలంటే ఎక్కడో ఒకచోట రెండో మనిషి దాన్ని చదవాలి. 1911 మే నెలలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో రింగు వేసిన ఒక స్వాలో పిట్ట 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో దొరికింది. అక్కడివాళ్లు ఉత్తరం రాయబట్టే బ్రిటన్ స్వాలోలు చలికాలం అంత దూరం పోతాయని రుజువైంది. ఉత్తరం రాకపోతే ఆ రింగు వేసినా వేయనట్టే.

ఇలా కబురు రావడం చాలా అరుదు. పాడే చిన్న పిట్టల్లో వందకు రింగులు వేస్తే ఒక్కదాని గురించి కూడా దూరం నుంచి కబురు రాకపోవచ్చు. వేటకు గురయ్యే బాతుల్లో మాత్రం పదిశాతం దాటుతుంది. అందుకే ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి వేలకొద్దీ రింగులు వేయాల్సి వస్తుంది.

పక్షి గూఢచారి అనే అనుమానం కూడా ఈ అపోహ నుంచి పుట్టిందే. 2011లో సౌదీ అరేబియాలో ఒక రాబందును, 2013లో ఈజిప్టులో ఒక స్టార్క్ కొంగను పట్టి నిర్బంధించారు. రెండిటికీ ఉన్నవి వలస దారి తెలుసుకోవడానికి పరిశోధకులు కట్టిన పరికరాలే. ఇక పావురం కాలికి కనిపించే అతుకు లేని గుండ్రటి రింగు వేరే సంగతి. దాన్ని పెంపకందారులు పిల్లగా ఉన్నప్పుడే వేళ్ల మీదుగా ఎక్కిస్తారు. అడవి పక్షికి వేసేది తెరిచి మూసే రింగు, దగ్గరగా చూస్తే సన్నటి అతుకు గీత కనిపిస్తుంది.

అపోహ: వలలో పడ్డ పక్షి ఎలాగూ బతకదు

రింగు వేయాలంటే ముందు పక్షిని వలతో పట్టాలి. అమెరికా, కెనడాల్లో ఈ పని చేసే 22 సంస్థల రికార్డులు, అంటే 6 లక్షలకు పైగా పట్టివేతలు కలిపి చూసిన ఒక అధ్యయనం 2012లో అచ్చయింది. గాయాలు 0.59 శాతం, మరణాలు 0.23 శాతం. తక్కువే, కానీ సున్నా కాదు. ఆ కొన్ని ప్రాణాలు పోవడానికి కారణాలు చాలావరకు మనిషి చేతిలో ఉన్నవే. అవేమిటో తెలిస్తే ఈ అంకె ఇంకా తగ్గుతుంది.

వాడేది మిస్ట్ నెట్. పొగమంచులా కంటికి ఆనని సన్నటి నైలాన్ లేదా పాలిస్టర్ వల. పొడవు 6 నుంచి 18 మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. అడ్డంగా సాగే తాళ్ల మధ్య వల కావాలనే వదులుగా వేలాడుతుంది. పక్షి తగిలి, ఆ వదులులో ఏర్పడే సంచిలోకి జారి పడుకుంటుంది. వలను బిగించి కడితే పక్షి బంతిలా ఎగిరి వెనక్కి పోతుంది. మరీ వదిలేస్తే చుట్టుకుపోతుంది. అడుగు సంచి నేలకు గానీ నీటికి గానీ తగలకూడదు. కట్టినప్పుడు జానెడు ఎత్తున్నది పక్షి బరువుకు తడి గడ్డిని తాకితే ఆ పక్షి చలికి పోతుంది. వల కన్ను కొలత కూడా చూసుకోవాలి. చిన్న పిట్టలకు 16 మిల్లీమీటర్ల కన్ను సరిపోతుంది. పెద్ద పక్షుల వలలో చిన్నది పడితే ఒంట్లో సగం కన్నులోంచి దూరి, రెక్కల దగ్గర బిగుసుకుంటుంది.

ఇరవై, ముప్పై నిమిషాలకోసారి వలల వెంట తిరగాలి. చలిలోనూ ఎండలోనూ ఇంకా తొందరగా. వాన పడినా, గాలి పెరిగినా, వల ఎండలోకి వచ్చినా మూసేయాలి. ఉన్న చేతులు ఎన్ని పక్షులను చూసుకోగలవో అన్ని వలలే తెరవాలి. ఒకేసారి గుంపు పడితే కొన్నిటిని పట్టకుండా వదిలేయడమే సరైన పని. లెక్క పోతుందని సంకోచించకూడదు.

తీసేటప్పుడు మొదటి ప్రశ్న: ఇది వలకు ఏ వైపు నుంచి వచ్చింది? వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మామూలుగా కాళ్లతో మొదలుపెడతారు. పొట్ట ఈకల మీద మెల్లగా ఊదితే వల పోగు ఎక్కడుందో కనిపిస్తుంది. పక్షి గోళ్లతో వల పట్టుకుని వదలదు, వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాలి. తర్వాత రెక్కలు, చివర తల. కొన్నిసార్లు నాలుక చిక్కుకుంటుంది. నాలుక వెనక ముళ్ల లాంటి కొసలుంటాయి, పోగు వాటి వెనక పడితే లాగిన కొద్దీ దిగుతుంది. అప్పుడు మొద్దు మొన ఉన్న పుల్లతో పోగును ముందుకు ఎత్తి తప్పించాలి. కుదరకపోతే వల కోసేయాలి. వలను మళ్లీ అల్లుకోవచ్చు.

తీసిన పక్షిని పొడి నూలు సంచిలో వేస్తారు. సంచికి ఒకటే. కుట్లు బయటి వైపు ఉండాలి, లోపల ఉంటే ఊడిన దారం వేళ్లకు చుట్టుకుంటుంది. సంచిని వేలాడదీయాలి. నేల మీద పెడితే ఎవరో ఒకరు తొక్కుతారు.

అపోహ: జారిపోకుండా గట్టిగా పట్టుకోవాలి

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. మనకున్నట్టు పక్షికి ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరపు పొర ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్లి బయటికి వస్తుంది. రొమ్మును నొక్కి పట్టుకుంటే ముక్కు నోరు తెరిచే ఉన్నా ఊపిరాడదు. చప్పుడు కాకుండా పోతుంది.

సరైన పట్టు ఇలా ఉంటుంది: పక్షి వీపు అరచేతికి ఆని ఉండాలి, మెడ చూపుడు వేలికీ నడివేలికీ మధ్య వదులుగా ఉండాలి, మిగతా వేళ్లు మూసిన రెక్కల చుట్టూ పంజరంలా నిలవాలి. రొమ్ము మీద ఒత్తిడి అసలు ఉండకూడదు. నోరు తెరిచి రొప్పుతున్నా, కళ్లు మూతలు పడుతున్నా, ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నా కొలతలన్నీ పక్కన పెట్టి వెంటనే వదిలేయాలి.

అందుకే పనికి వరస ఉంది. ముందు రింగు, తర్వాత జాతి, వయసు, రెక్క పొడవు, కొవ్వు, చివర బరువు. మధ్యలో జారిపోయినా కనీసం రింగు సంఖ్య రికార్డులో ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లకు చిన్న పిట్టతో ఇదంతా రెండు మూడు నిమిషాల పని.

ఇందులో వలస గురించి చాలా చెప్పేది కొవ్వు. గొంతు కింద, విష్‌బోన్ అనే చీలిన ఎముక దగ్గర ఈకల మీద ఊదితే చర్మం బయటపడుతుంది. అది ఎంత పల్చన అంటే లోపలిదంతా కనిపిస్తుంది. కండ ముదురు ఎరుపు, కొవ్వు లేత పసుపు. ఆ గుంత ఖాళీగా ఉందా, నిండిందా, కొవ్వు పొంగి రొమ్ము మీదకు పాకిందా అన్నదాన్ని 0 నుంచి 8 వరకు అంకెల్లో రాస్తారు. మామూలుగా 10 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగే సెడ్జ్ వార్బ్లర్ పిట్ట ప్రయాణానికి ముందు 20 గ్రాముల దాకా పెరగగలదు. ఆ పక్షే వారం తర్వాత అదే వలలో పడితే అక్కడ దానికి తిండి దొరుకుతోందో లేదో బరువే చెబుతుంది. ఒక మడుగు వలస పక్షులకు ఎంత ముఖ్యమో తేల్చడానికి ఇంతకన్నా నేరుగా దొరికే ఆధారం తక్కువ.

అపోహ: రింగు బరువుకు ఎగరలేదు, కాలు తెగిపోతుంది

చిన్న పిట్టలకు వేసే రింగు లోపలి వ్యాసం దాదాపు 2 మిల్లీమీటర్లు, బరువు 0.04 గ్రాములు. 8 గ్రాముల పిట్టకు అది అర శాతం. బరువు సమస్య కాదు. కొలత, బిగింపు, జాతి అసలు సమస్యలు.

రింగు కాలి మీద పైకీ కిందికీ జారాలి, గుండ్రంగా తిరగాలి, కానీ కింద వేళ్ల మీదకు గానీ పైన కీలు మీదకు గానీ ఎక్కకూడదు. ఒకే జాతిలో ఆడ, మగ పక్షులకు వేర్వేరు కొలతలు కావాల్సి రావచ్చు. స్పారోహాక్ డేగల్లో ఆడది అంత పెద్దది. మూయడానికి రంధ్రాలున్న ప్రత్యేక పట్టకారు వాడతారు. అతుకును పట్టకారు నోటి వైపు ఉంచి మొదటిసారి నొక్కాలి, పావు వంతు తిప్పి రెండోసారి నొక్కాలి. తర్వాత అతుకు మీద గోరు గీసి చూడాలి. గోరు తగులుకుంటే సందు మిగిలినట్టే, అందులో గడ్డి పోచో వల పోగో ఇరుక్కుంటుంది. రెండు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఇంకా ప్రమాదం, కాలు ఒరుసుకుపోతుంది. అలాంటి రింగును లోపలి నుంచి తెరిచే సన్నటి పట్టకారుతో విప్పి తీసేయాలి. ‘పర్లేదులే’ అని వదలకూడదు.

ఉప్పునీళ్లలో, రాళ్ల మీద బతికే పక్షులకు అల్యూమినియం అరిగి పల్చబడుతుంది, అంకెలు చెరిగిపోతాయి. వాటికి స్టీలు లాంటి గట్టి లోహాలు వాడతారు. పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో 1956లో చాండ్లర్ రాబిన్స్ రింగు వేసిన విజ్డమ్ అనే సముద్ర పక్షి (లేసన్ ఆల్బట్రాస్ జాతి) 2024లో కూడా గుడ్డు పెట్టింది. మధ్యలో దాని రింగులు ఎన్నోసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ పాత సంఖ్యను కొత్త సంఖ్యతో కలిపి రాసుకోబట్టే ఈ వయసు తెలిసింది.

కొన్ని పక్షులకు కాలి రింగు పనికిరాదనే భయంలో మాత్రం నిజం ఉంది. స్టార్క్ కొంగలు, అమెరికా ఖండాల రాబందులు ఒళ్లు చల్లబరచుకోవడానికి కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి. కింది కాలికి రింగు ఉంటే రెట్ట పేరుకుని గట్టిపడి కాలిని నొక్కేస్తుంది. అందుకని స్టార్క్‌లకు కీలు పైభాగంలో రింగు వేస్తారు, ఆ రాబందులకు రెక్క ట్యాగు కడతారు. పెంగ్విన్లకు రెక్కకు తొడిగే పట్టీ మరీ చెడ్డది. దక్షిణ హిందూ మహాసముద్రంలోని క్రోజె దీవుల్లో రాజ పెంగ్విన్లను పదేళ్లు గమనించి 2011లో వెల్లడించిన ఫలితం ప్రకారం పట్టీ ఉన్నవి 39 శాతం తక్కువ పిల్లలను పెంచాయి, వాటిలో బతికినవి 16 శాతం తగ్గాయి. ఈత కొట్టేటప్పుడు పట్టీ నీటిని అడ్డుకుంటుంది. దానికి బదులు చర్మం కింద అమర్చే చిన్న చిప్ చాలా మేలు.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లలను వదిలేస్తుంది

మనిషి వాసన తగిలిందని పిల్లలను వదిలేసే పక్షులు లేవనే చెప్పాలి. గూడు కట్టేటప్పుడు, గుడ్లు పెట్టేటప్పుడు, పొదగడం మొదలైన కొత్తలో మాత్రం పదే పదే వెళ్లి కదిలిస్తే నిజంగానే వదిలేస్తాయి. అప్పుడు గూటి జోలికి వెళ్లకూడదు.

చిన్న పిట్టల పిల్లలకు రింగు వేసే అదను కొద్ది రోజులే. ఈకలు ఇంకా గొట్టాల్లో ఉండి కొసలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్న దశ, దాదాపు అయిదో రోజు నుంచి తొమ్మిదో రోజు లోపు. ముందే వేస్తే రింగు పాదం మీదుగా జారిపోతుంది. ఆలస్యమైతే చెయ్యి పెట్టగానే పిల్లలన్నీ గూట్లోంచి దూకేస్తాయి, ఎగరడం రాక నేల మీద చస్తాయి. గూటి దగ్గరే ఆగిపోయే కాలిబాట కూడా పడనివ్వకూడదు, ఆ బాట పట్టుకుని పిల్లులూ ముంగిసలూ వస్తాయి. గూడు దాటి ముందుకు నడిచి వెళ్లాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, పిల్లగా రింగు వేసిన పక్షికి పుట్టిన చోటూ వయసూ రెండూ ఖాయంగా తెలుస్తాయి. 1982 వేసవిలో ఇంగ్లండ్ ఫార్న్ దీవుల్లో ఎగరడం రాని ఆర్కిటిక్ టెర్న్ అనే సముద్ర పక్షి పిల్లకు వేసిన రింగు అదే అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కనిపించింది.

అపోహ: జీపీఎస్ వచ్చాక రింగులు దండగ

2022లో అయిదు నెలల వయసున్న గాడ్‌విట్ అనే ఒక వలస పక్షి అలాస్కా నుంచి టాస్మేనియాకు ఆగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. రింగుతో ఇది తెలిసేది కాదు. అయితే పరికరం పక్షి బరువులో 3 శాతం మించకూడదన్నది చాలామంది పాటించే హద్దు. 10 గ్రాముల పిట్టకు అది 0.3 గ్రాములు. అంత చిన్నదాంట్లో ఉపగ్రహానికి కబురు పంపే పరికరం పట్టదు. వెలుతురును బట్టి చోటు లెక్కగట్టే జియోలొకేటర్ పడుతుంది, కానీ అందులోని సమాచారం కోసం ఆ పక్షినే మళ్లీ పట్టుకోవాలి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ అది ఉత్తర దక్షిణాలను సరిగా చెప్పలేదు. వలసల కాలం సరిగ్గా అదే.

రంగు రింగులు, కాలికే తగిలించే చిన్న రంగు జెండాలు మధ్యేమార్గం. దూరదర్శినితో చదవొచ్చు, మళ్లీ పట్టుకోనక్కర్లేదు. ఇద్దరు పరిశోధకులు ఒకే రంగుల వరస వాడితే మాత్రం ఇద్దరి లెక్కలూ పాడవుతాయి, అందుకే ముందే నమోదు చేసుకోవాలి. రంగు ఎంపిక కూడా ఆలోచించి చేయాలి. జీబ్రా ఫించ్ పిట్టల్లో ఎర్ర రింగులున్న మగవాటిని ఆడవి ఎక్కువగా ఇష్టపడ్డాయని కొన్ని ప్రయోగాలు చెప్పాయి, తర్వాతి ప్రయోగాల్లో మాత్రం అది నిలబడలేదు.

అపోహ: ఏడాదంతా కనిపించే పక్షికి రింగు అక్కర్లేదు

బ్రిటన్‌లో చలికాలం కనిపించే బ్లాక్‌క్యాప్ పిట్టలు అక్కడే ఉండిపోయినవని అనుకునేవారు. అవి మధ్య యూరప్ నుంచి వస్తున్నాయని రింగులు తేల్చాయి. జాతి ఏడాదంతా కనిపిస్తుంది, పక్షులు మాత్రం మారిపోతున్నాయి.

1950లలో డచ్ పరిశోధకుడు పెర్డెక్, నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం దగ్గర పట్టిన 11,000కు పైగా స్టార్లింగ్‌లకు రింగులు వేసి స్విట్జర్లాండ్‌లో వదిలాడు. పెద్దవి దారి సరిచేసుకుని తమ అలవాటు చోటు వైపు తిరిగాయి. మొదటిసారి వలస వెళ్తున్న పిల్లలు మాత్రం పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకుని ఫ్రాన్స్ దక్షిణానికీ స్పెయిన్‌కూ పోయాయి. దారి ఎంత పుట్టుకతో వస్తుంది, ఎంత అనుభవంతో వస్తుంది అన్న ప్రశ్నకు ఇంత చక్కటి జవాబు ఇచ్చినవి మామూలు అల్యూమినియం రింగులే.

అపోహ: రింగు దొరికితే ఊడదీసి పంపాలి

పక్షి బతికి ఉంటే రింగు తీయొద్దు. సంఖ్యను ముందున్న అక్షరాలతో సహా రాసుకోండి. రింగును చుట్టూ తిప్పుతూ రెండు మూడు ఫొటోలు తీయండి, ఎందుకంటే సంస్థ పేరు, సంఖ్య ఎదురెదురు వైపుల ఉండొచ్చు. తేదీ, చోటు, పక్షి ఎలా ఉందో రాసి వదిలేయండి. చనిపోయి ఉంటే అది ఇప్పుడే పోయిందా, ఎముకలే మిగిలాయా, కారణం ఏమనిపిస్తోంది అన్నది తప్పకుండా చెప్పాలి. తేదీతో పాటు ఆ వివరం లేకపోతే ఆ కబురు బతికిన కాలం లెక్కకు పనికిరాదు. చచ్చిన పక్షిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

రింగు మీద ఏ సంస్థ పేరుంటే దానికే తెలపాలి. భారతదేశంలో వేసినవాటిలో చాలా వాటి మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పేరుంటుంది. యూరప్ రింగులకు అక్కడి రింగుల సంస్థలను కలిపే యూరింగ్, ఉత్తర అమెరికావాటికి అక్కడి బర్డ్ బ్యాండింగ్ ల్యాబొరేటరీ వెబ్‌సైట్లలో ఫారాలున్నాయి. అంకెలు అరిగిపోతే సూదితో గీకడం, ఆమ్లంతో తోమడం చేయకండి. చచ్చిన పక్షి రింగైతే ఉన్నదున్నట్టు పంపించండి. కంటికి కనిపించని అంకెలను కూడా ప్రయోగశాలలో చాలాసార్లు బయటికి తీయగలుగుతారు.