ఈరీ సరస్సు తగాదా: 1973లో తేలిన సంగతిని మళ్ళీ ఎందుకు తవ్వుతున్నారు?

అమెరికా, కెనడా సరిహద్దులోని ఈరీ సరస్సు పడమటి కొసన పచ్చటి నాచు తేలిన ప్రతిసారీ పాత తగాదా కొత్తగా లేస్తోంది. తప్పు భాస్వరానిదా, నత్రజనిదా? కట్టడి ఒక్కదానికి పెడితే చాలా, రెండింటికీ పెట్టాలా? 1960లలో ఈ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాయడం, 1969లో అందులో కలిసే కయహోగా నది మీద మంటలు లేవడం అందరూ చదివినవే కాబట్టి వదిలేద్దాం. ఇప్పటి గొడవ మూలం ఈరీ ఒడ్డున లేదు. అది కెనడాలో, ఒంటారియో వాయవ్య అడవుల్లోని ఒక చిన్న సరస్సులో ఉంది. దాన్ని నంబరుతోనే పిలుస్తారు: 226.

అప్పటి వాతావరణం కాస్త చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బట్టల సబ్బుల చోటును డిటర్జెంట్ పొడులు ఆక్రమించాయి. ఉప్పు నీళ్లలోనూ నురగ రావాలని, మురికి వదలాలని వాటిలో ఫాస్ఫేట్ దట్టించేవారు. ఉతికిన నీళ్లతో పాటే అది మురుగుకాలువల్లోకి, అక్కడి నుంచి సరస్సుల్లోకి చేరేది. భాస్వరాన్ని అదుపు చేయక తప్పదని 1969లో అమెరికా, కెనడాల ఉమ్మడి సంస్థ ఇంటర్నేషనల్ జాయింట్ కమిషన్‌కు నిపుణులు నివేదిక ఇచ్చారు. అదే ఏడాది ఒక రసాయన కంపెనీ శాస్త్రవేత్త మరో వాదన ముందుకు తెచ్చారు. నాచుకు అసలు కొరత కర్బనానిదట. మురుగును బాక్టీరియా కుళ్ళబెట్టినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడే నాచును మేపుతోందట. డిటర్జెంట్ పరిశ్రమకు అంతకన్నా తీపి కబురు ఏముంటుంది?

ఆ వాదన ఉత్త గాలి కబురేమీ కాదు. ల్యాబ్‌లో సీసాల్లో నాచు పెంచి, కర్బనం అందిస్తే అది ఏపుగా పెరిగిన మాట నిజమే. చిక్కంతా ఆ సీసాతోనే. మూత బిగించిన సీసాకు పైన ఆకాశం లేదు, అడుగున బురద లేదు. సరస్సుకు రెండూ ఉన్నాయి.

సీసా తగాదాను సీసాతో తేల్చలేమని పట్టుబట్టినవాళ్లు సరస్సుల శాస్త్రవేత్తలు జాక్ వాలెంటైన్, డేవిడ్ షిండ్లర్. కెనడా ప్రభుత్వం 1968లో పదుల సంఖ్యలో చిన్న సరస్సులను పరిశోధనకే కేటాయించి ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియాను ఏర్పాటు చేసింది. అక్కడి పని షిండ్లర్ చేతికి వచ్చింది. ముందుగా 1969లో 227వ నంబరు సరస్సును ఎంచుకున్నారు. దాని నీటిలో కర్బనం చాలా తక్కువ. కర్బన వాదమే నిజమైతే అక్కడ ఎంత ఎరువు వేసినా నాచు పెరగకూడదు. కర్బనం జోలికి పోకుండా భాస్వరం, నత్రజని మాత్రమే వేశారు. సరస్సు పచ్చబడింది. నీటిలో చాలని కర్బనాన్ని నాచు పైనున్న గాలి నుంచే లాక్కుంది.

శాస్త్రవేత్తలకు ఆ ఫలితం చాలు. పరిశ్రమకు, చట్టసభలకు చాలలేదు. దాంతో 1973లో 226 వంతు వచ్చింది. నడుము దగ్గర సన్నబడి రెండు గిన్నెల్లా ఉండే సరస్సు అది. ఆ సన్నటి చోట నైలాన్ పోగులున్న వినైల్ తెరను ఇరువైపులా ఒడ్డుకు, కింద అడుగు బురదకు బిగించి సరస్సును రెండుగా చీల్చారు. రెండు భాగాల్లోనూ నత్రజని కోసం నైట్రేట్, కర్బనం కోసం చక్కెర కలిపారు. ఈశాన్య భాగంలో మాత్రం వాటికి తోడు భాస్వరం వేశారు. తేడా అదొక్కటే. ఆ సెప్టెంబరులో పై నుంచి తీసిన ఫొటోలో తెరకు ఒక పక్క నీళ్లు మామూలుగా నల్లగా ఉన్నాయి, రెండో పక్క చిక్కటి పచ్చ రంగులో ఉన్నాయి. పేజీల కొద్దీ లెక్కలు చేయలేని పని ఆ ఒక్క ఫొటో చేసిపెట్టింది. నా దృష్టిలో అసలు మలుపు అదే, ఒప్పందాలు కావు.

ఎందుకలా జరిగిందో పోషకాల ప్రయాణం చూస్తే తెలుస్తుంది. కర్బనానికీ నత్రజనికీ గాలిలో తరగని నిల్వ ఉంది. నీటిలో కర్బనం తగ్గితే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ దిగుతుంది. నత్రజని తగ్గితే దాన్ని గాలిలోంచి పట్టుకోగల నీలి ఆకుపచ్చ నాచు రకాలు పైచేయి సాధిస్తాయి. భాస్వరానికి ఆ దారి లేదు. అది రాయి అరిగితే వస్తుంది, నీటితో పారుతుంది, జీవుల ఒంట్లోకి చేరుతుంది, చివరికి అడుగు బురదలో కూరుకుపోతుంది. మళ్ళీ రాయిగా మారి నేల మీదికి తేలాలంటే భూగర్భం కదలాలి, అందుకు లక్షల ఏళ్లు పడుతుంది. గనుల్లోంచి తవ్వి తీసి మనం ఆ నిదానమైన చక్రాన్ని ఉరుకులు పెట్టించాం. బురదలోకి పోయింది కూడా పూర్తిగా పోయినట్టు కాదు. అడుగున ఆక్సిజన్ తగ్గితే ఇనుము పట్టి ఉంచిన భాస్వరం వదులై తిరిగి నీటిలోకి వస్తుందని ఇంగ్లండ్‌లోని సరస్సుల మీద పనిచేసిన క్లిఫర్డ్ మార్టిమర్ 1940ల మొదట్లోనే చూపించారు.

ఆ తర్వాతి చరిత్ర త్వరగానే ముగుస్తుంది. కెనడా 1970లో మొదలుపెట్టి 1973కల్లా డిటర్జెంట్లలో ఫాస్ఫేట్‌ను బాగా తగ్గించింది. అమెరికాలో దేశమంతటికీ ఒకే నిషేధం రాలేదు, రాష్ట్రాలు ఒక్కొక్కటిగా కదిలాయి. 1972లో రెండు దేశాలూ ఈరీతో సహా మహా సరస్సుల నీటి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1978 సవరణలో ఈరీకి ఏడాదికి 11,000 టన్నుల భాస్వరం మించకూడదని లక్ష్యం పెట్టారు. మురుగు శుద్ధి కేంద్రాలకు భారీగా డబ్బు వెచ్చించారు. 1980లలో ఈరీ కోలుకుంది.

ఆ గెలుపులోనే ఒక లొసుగు ఉండిపోయింది. అప్పుడు పట్టుకున్నదంతా గొట్టాల్లోంచి వచ్చే భాస్వరాన్నే. గొట్టానికి ఒక యజమాని ఉంటాడు, పర్మిట్ ఉంటుంది, జరిమానా వేయొచ్చు. పొలాల నుంచి వచ్చేదాన్ని మాత్రం రైతుల ఇష్టానికి, ప్రోత్సాహకాలకు వదిలేశారు. మట్టి కొట్టుకుపోకుండా దున్నని సాగును ప్రోత్సహించారు. అది పనిచేసింది కూడా: మట్టి రేణువులకు అంటుకుని పోయే భాస్వరం తగ్గింది. కానీ దున్నకపోతే చల్లిన ఎరువు పై పొరలోనే ఉండిపోతుంది. పొలాల అడుగున వేసిన డ్రెయినేజీ గొట్టాల గుండా అది కరిగి నదిలో పడుతుంది. ఒహాయోలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు 1970ల నుంచి, ఈరీ పడమటి కొసన కలిసే మామీ నది నీటిని పరీక్షిస్తున్నారు. 1990ల నడిమి నుంచి కరిగిన భాస్వరం పెరుగుతూ వచ్చిందని ఆ రికార్డులే చెబుతున్నాయి. అంటుకున్న భాస్వరంలో నాచుకు అందేది కొంతే. కరిగినది దాదాపు మొత్తం అందుతుంది. అందుకే టన్నుల లెక్క బాగానే కనిపిస్తున్నా సరస్సు పచ్చబడుతోంది. 2014 ఆగస్టులో నీటిలో నాచు తయారుచేసే మైక్రోసిస్టిన్ విషం తేలడంతో ఒహాయోలోని టొలీడో నగర పరిసరాల్లో 4 లక్షల మందికి పైగా రెండు రోజులకు పైగా కుళాయి నీళ్లు తాగలేకపోయారు.

నత్రజని పక్షం వాళ్లు ఇక్కడే పట్టుకుంటారు. ఈరీలో తేలే నీలి ఆకుపచ్చ నాచు రకం మైక్రోసిస్టిస్‌కు గాలిలోని నత్రజనిని పట్టే శక్తి లేదు, అది తయారుచేసే విషానికేమో నత్రజని కావాలి. సముద్ర తీరాల్లో నత్రజనే కొరత పోషకమని 1971లోనే రైథర్, డన్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు రాశారు. రెండింటినీ తగ్గించాల్సిందేనని 2009లో డేనియల్ కాన్లీ, మరికొందరు వాదించారు. తీరాల విషయంలో ఈ మాటలో బలముంది. మంచినీటి సరస్సుల దగ్గరికొస్తే 227వ నంబరు సరస్సు అడ్డం నిలుస్తుంది. అక్కడ 1990 నుంచి నత్రజని వేయడం పూర్తిగా ఆపి భాస్వరం ఒక్కటే వేస్తూ వచ్చారు. 37 ఏళ్ల లెక్కలతో 2008లో షిండ్లర్ బృందం చెప్పింది ఇదే: నత్రజని తగ్గించినా సరస్సు బాగుపడలేదు, గాలి నుంచి పట్టుకునే రకాలు వచ్చి లోటు పూడ్చాయి. ఆ పూడ్పు పూర్తిగా జరగలేదనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట వినాల్సిందే. కానీ భాస్వరం పనే సగంలో ఉండగా, ఇంకో మూలకం తేలేదాకా ఆగుదామనే మాట వినపడితే 1969 నాటి కర్బన వాదం గుర్తుకు రాక మానదు.

2012లో కెనడా ప్రభుత్వం ఆ ప్రయోగ సరస్సులకు నిధులు ఆపేస్తామని ప్రకటించింది. గగ్గోలు రేగాక 2014లో ఒక స్వతంత్ర సంస్థ వాటి నిర్వహణ తీసుకుంది. షిండ్లర్ 2021లో కన్నుమూశారు.

ఇప్పటి పేచీ కాగితాల మీద ఉంది. 2015లో ఒహాయో, మిచిగన్, ఒంటారియో 2025 నాటికి భాస్వరాన్ని 40 శాతం తగ్గిస్తామని రాసుకున్నాయి. మరుసటి ఏడాది రెండు దేశాలూ మామీ నదికి వసంతకాలపు లక్ష్యాలు రెండు పెట్టాయి: మొత్తం భాస్వరం 860 టన్నులు, అందులో కరిగినది 186 టన్నులు. 2023లో ఫెడరల్ ప్రభుత్వ ఆమోదం పొందిన ఒహాయో మామీ నది ప్రణాళిక మొత్తం భాస్వరానికి పరిమితి పెట్టింది, కరిగినదానికి విడిగా పెట్టలేదు. 2024లో టొలీడో నగరం, అది ఉన్న లూకస్ కౌంటీ ఆ ఆమోదం మీద ఫెడరల్ కోర్టుకు వెళ్ళాయి.