స్పీకర్ స్టాండు కదలకూడదు: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

మీలో కొంతమందికి పాటలు బాగా వినాలని, ఇంకొంతమందికి చేత్తో ఏదైనా చెయ్యాలని ఉంటుంది కదా, ఆ రెండు కోరికలూ కలిసే చోటు స్పీకర్ స్టాండు. మొదటిసారి రంపం పట్టేవాళ్ళకు ఇంతకన్నా మంచి పని నాకు కనపడలేదు. కుర్చీ అయితే మనిషి బరువు మొయ్యాలి, సొరుగు అయితే ఎక్కడా పట్టెయ్యకుండా జారాలి, వాటికి చెయ్యి తిరగాలి. స్టాండుకు ఉన్నవి మూడే భాగాలు, అడుగున ఒక పలక, మధ్యలో నిలువుగా ఒక పెట్టె, పైన ఇంకో పలక. మనం దాన్నుంచి కోరేది కూడా ఒక్కటే, పెట్టిన చోట కదలకుండా నిలబడటం. కింద నేను చెప్పే ప్రతి కొలతా, ప్రతి జాగ్రత్తా దానికోసమే.

ముందు అసలు స్టాండు ఎందుకో చెప్తాను. చిన్న పెట్టెలోంచి కూడా గట్టి బేస్, అంటే లావు శబ్దం, రప్పించవచ్చని అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో చేసి చూపించాడు, ఆ తర్వాతే ఇళ్ళల్లోకి చిన్న స్పీకర్లు విరివిగా వచ్చాయి. వాటికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అని పేరు పడింది గానీ, నిజానికి పుస్తకాల అరలో ఇరికిస్తే అవి సరిగ్గా పలకవు. గోడ దగ్గరగా ఉంటే బేస్ ఉబ్బిపోయి మాట మసకబారుతుంది. రెండోది, సన్నని శబ్దాలు పలికే చిన్న గుండ్రటి ట్వీటర్ మన చెవికి ఎదురుగా ఉండాలి, ఎందుకంటే లావు శబ్దాలు గదంతా పాకినట్టు సన్నని శబ్దాలు పాకవు, ఎటు చూస్తుంటే ఎక్కువగా అటే పోతాయి. అందుకని స్టాండు ఎత్తు ఎంతో ఇంటర్నెట్‌లో వెతక్కండి. మీరు రోజూ కూర్చుని వినే చోట కూర్చోండి, నేల నుంచి చెవి దాకా టేపుతో ఎవరిచేతనైనా కొలిపించండి, అందులోంచి స్పీకర్ అడుగు నుంచి ట్వీటర్ మధ్య దాకా ఉన్న ఎత్తు తీసెయ్యండి. మిగిలిందే మీ స్టాండు ఎత్తు. సోఫా మీద వినేవాళ్ళకు చాలాసార్లు 60 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. దివాన్ మీదో చాప మీదో కూర్చుని వినే ఇల్లయితే ఇంకా తక్కువ వస్తుంది, తక్కువ వస్తే మరీ మంచిది, పొట్టి స్టాండు తేలిగ్గా పడదు.

స్పీకర్ లోపలి కోన్, అంటే గరాటులా ఉండి ఊగే పొర, ముందుకు గాలిని తోసిన ప్రతిసారీ పెట్టె వెనక్కి తోయబడుతుంది, న్యూటన్ మూడో నియమం మీరు చదివే ఉంటారు. స్టాండు వదులుగా ఉంటే ఆ కాస్త ఊపుకే అదీ ఊగుతుంది, తన గొంతు తానూ కలుపుతుంది. బొబ్బిలి వీణ చెక్కేవాళ్ళు పనస కర్రను వెతికి తెచ్చుకునేది అది బాగా మోగాలని, మన స్టాండు దానికి పూర్తిగా ఎదురు, అది ఎంత మూగగా ఉంటే మన పాట అంత శుభ్రంగా వినపడుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, పడిపోకపోవడం. దీన్ని అందాజుగా వదిలెయ్యకుండా లెక్క కట్టి చూద్దాం, బలాన్ని దూరంతో హెచ్చవేసే బలభ్రామకం పాఠం ఇక్కడ బాగా పనికొస్తుంది. స్పీకర్ బరువు 6 కిలోలు, ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకోండి. 60 సెంటీమీటర్ల స్టాండు మీద పెడితే దాని పై అంచు 90 దగ్గర ఉంటుంది. అక్కడ ఎంత బలంగా తోస్తే అది ఒరగడం మొదలవుతుంది? స్టాండు, స్పీకర్ కలిపిన బరువును, మధ్య నుంచి పాదాల వరుస దాకా ఉన్న దూరంతో హెచ్చవేసి, తోసే ఎత్తుతో భాగించండి. 30 సెంటీమీటర్ల చదరపు పలక ఒక్కటే అడుగున వేసి, అంచుకు 2 సెంటీమీటర్లు లోపల పాదాలు పెట్టి, తేలికపాటి స్టాండు చేశారనుకోండి, మొత్తం బరువు 10 కిలోల పైచిలుకు, దూరం 13. అంటే కిలోన్నర బరువుకు సమానమైన తోపు చాలు. పరిగెత్తే పిల్లవాడి భుజం తగిలితే ఇంకేముంది. అదే అడుగు పలకను 40 సెంటీమీటర్లు చేసి, రెండు పొరలు వేసి, నిలువు పెట్టెలో ఇసుక నింపితే మొత్తం బరువు 19 కిలోల దగ్గరకు వస్తుంది, దూరం 18 అవుతుంది, తోపు నాలుగు కిలోలకు కాస్త తక్కువ దాకా కావాలి. రెండింతలకు మించిన తేడా, ఖర్చు మాత్రం పెద్దగా పెరగలేదు. పైగా బరువంతా కిందనే ఉంది కాబట్టి కొంచెం ఒరిగినా తిరిగి నిలబడే అవకాశం ఎక్కువ. ఈ లెక్కను మీ స్పీకర్ బరువుతో, మీ కొలతలతో ఒకసారి వేసుకోకుండా కర్ర కొనడానికి వెళ్ళకండి. ఇంట్లో పాకే పాప ఉంటే అడుగు పలకను ఇంకాస్త వెడల్పు చెయ్యండి, చూడ్డానికి కొంచెం మొరటుగా ఉన్నా సరే.

మూడు పాదాలా నాలుగా అని అడుగుతారు. మూడు పాదాలు ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా టకటకలాడవు, అది నిజమే, కానీ రెండు పాదాల మధ్య దిక్కుకి తోస్తే నాలుగు పాదాల దానికన్నా త్వరగా పడుతుంది. ఇంత ఎత్తు పెట్టేటప్పుడు నేను నాలుగే పెట్టమంటాను. టకటక పోవడానికి మర తిప్పితే ఎత్తు మారే చిన్న పాదాలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, అడుగున రబ్బరు ఉన్నవి అడగండి. సూదిమొన పాదాలు కొంతమంది వాడతారు, మన ఇళ్ళల్లో టైల్స్ మీద వాటితో గీతలు తప్ప లాభం లేదు.

కర్ర సంగతికి వద్దాం. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి వాడతారు, అది తేలిక, మెత్తన, చెక్కడానికి హాయి. మనకు బరువు కావాలి కాబట్టి అలాంటిది పనికిరాదు. టేకు చాలా బాగుంటుంది గానీ నేర్చుకునే పనికి అంత డబ్బు పెట్టొద్దు. పైగా వెడల్పాటి అసలు కర్ర పలక వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది, నిలువునా మాత్రం దాదాపు కదలదు, ఆ లాగులాటలో బిగించిన అతుకులు విడిపోతాయి. ప్లైవుడ్‌లో ఒక పొర నారకు ఇంకో పొర నార అడ్డంగా ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి బాగా తక్కువ. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి, కొన్ని షాపుల్లో ముప్పావు అంగుళం అంటారు. రెండు స్టాండ్లకూ కలిపి ఎనిమిది బై నాలుగు షీటులో సగం సరిపోతుంది, మిగిలిన ముక్కలు అమ్మే షాపు ఉంటే ఇంకా చవక. తేమకు ఓర్చే బీడబ్ల్యూఆర్ రకమే తీసుకోండి, ఎందుకంటే మన ఇళ్ళల్లో నేల తడిగుడ్డతో తుడుస్తాం, ఆ నీళ్ళు అడుగు పలక అంచుకు తగలక మానవు.

పెద్ద కోతలు షాపులోనే మిషన్ మీద కోయించుకోండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. సుమారు 60 సెంటీమీటర్ల స్టాండుకు నిలువు పెట్టె పలకలు 55 సెంటీమీటర్ల పొడవు, రెండు 12 వెడల్పు, రెండు 8.4 వెడల్పు. ఆ 8.4 ఎందుకంటే 12లోంచి రెండు పలకల మందం 3.6 పోతే మిగిలేది అంతే. నాలుగింటి పొడవూ ఒక్కసారే ఒకే గుర్తు దగ్గర కోయమని చెప్పండి, 55 కాస్త 54.8 అయినా ఫరవాలేదు, నాలుగూ ఒకటే కావాలి. మూలమట్టం నిజంగా మూలకు సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి: పలక అంచుకు ఆనించి గీత గీయండి, మట్టాన్ని తిరగేసి అదే చోట మళ్ళీ గీయండి, రెండు గీతలూ కలిసిపోతే మట్టం మంచిది, విడిపోతే వేరేది తెచ్చుకోండి.

జిగురు పూసే ముందు అన్నిటినీ పొడిగా అమర్చి చూడటం అలవాటు చేసుకోండి, తడి జిగురుతో తప్పు ముక్క వెతుక్కోవడం మహా టెన్షన్. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పల్చగా, అంచు అంతా తడిసేలా పూసి క్లాంపులతో బిగించండి. క్లాంపులు లేకపోతే నైలాన్ తాడు చుట్టి, మధ్యలో కర్రముక్క దూర్చి మెలిపెట్టండి, మూలల్లో అట్టముక్కలు పెడితే తాడు కోసుకుపోదు. బిగించిన వెంటనే పెట్టె నోటి దగ్గర ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, రెండో జతా కొలవండి. రెండూ సమానంగా లేకపోతే పెట్టె ఒంకర పోయినట్టు, పొడవెక్కువ ఉన్న మూలల్ని దగ్గరకు నొక్కి సరిచెయ్యండి. జిగురు ఆరకముందు ఇది ఒక్క నిమిషం పని, ఆరాక ఎవరి తరమూ కాదు. బయటికి వచ్చిన జిగురు తడిబట్టతో అప్పుడే తుడిచి, ఒక రోజంతా ముట్టుకోకండి.

కొత్తవాళ్ళ స్టాండ్లు ఊగేది ఎక్కువగా ఒకే చోట, నిలువు పెట్టె అడుగు పలకను కలిసే దగ్గర. ప్లైవుడ్ పొరల అంచులోకి దిగిన స్క్రూకు పట్టు తక్కువ, వెడల్పు ముఖంలోకి దిగిన స్క్రూకు పట్టు ఎక్కువ. అందుకని 8.4 చదరపు ముక్కలు మూడు ఒకదాని మీద ఒకటి అతికించి దిమ్మ తయారుచెయ్యండి. దాన్ని పెట్టె అడుగులోకి జిగురుతో దించండి, రెండు పొరలు అతికించిన అడుగు పలక కింద నుంచి 75 మిల్లీమీటర్ల స్క్రూలు నాలుగు ఆ దిమ్మలోకి బిగించండి. స్క్రూ కాడకన్నా సన్నటి డ్రిల్‌తో ముందే రంధ్రం చెయ్యకపోతే పొరలు విచ్చుకుంటాయి. స్క్రూ తల పలకలోకి మునగాలి, లేకపోతే నేలకు తగులుతుంది. పైన కూడా ఇలాంటి దిమ్మే, కాకపోతే దాన్ని పై పలకకు మాత్రమే అతికించి, పెట్టెలోకి జిగురు లేకుండా దూర్చి, పక్కల నుంచి రెండు చిన్న స్క్రూలతో పట్టించండి, ఎప్పుడైనా ఇసుక తియ్యాలంటే వీలుగా ఉంటుంది.

ఇసుకను జల్లించి రెండు మూడు ఎండలు బాగా ఎండబెట్టండి. తడి ఇసుక లోపల నుంచి కర్రను తినేస్తుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు తేమను లాగుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి. గట్టి ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి కట్టి దించితే ఎక్కడైనా సందు ఉన్నా రాలదు. ఒక్కో పెట్టెలో దాదాపు 5 కిలోలు పడుతుంది. బరువు కోసమే కాదు, కంపనం వచ్చినప్పుడు రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని దాన్ని అక్కడికక్కడే చంపేస్తాయి, ఖాళీ పెట్టెను వేలితో కొట్టి, నింపాక మళ్ళీ కొట్టి వినండి, మీకే తెలుస్తుంది.

సాండ్ పేపర్ 120తో మొదలుపెట్టి 220తో ఆపండి, నార వెంటే రుద్దండి, ప్లైవుడ్ పైపొర చాలా పల్చన కాబట్టి ఒకే చోట గట్టిగా రుద్దితే కింద పొర బయటపడుతుంది. మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. డ్రిల్ పట్టేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, చున్నీ, జుట్టు, వదులు చేతులు బిగించి కట్టుకోవాలి, కాళ్ళకు హవాయి చెప్పులు కాదు, బూట్లు. ఇది చాదస్తం అనుకోకండి, మీ వేళ్ళు నాకు స్టాండుకన్నా చాలా ఎక్కువ. తర్వాత సీలర్ కానీ వార్నిష్ కానీ అడుగు పలక కింది ముఖానికి, నాలుగు అంచులకూ రెండు మూడు సార్లు పట్టించండి. కనపడని చోటే కదా అని వదిలేస్తే నీళ్ళు దూరేది అక్కడే.

స్పీకర్ కింద నాలుగు మూలలా పల్చటి రబ్బరు ముక్కలు పెట్టండి, జారదు. రసమట్టం పెట్టి పాదాల మరలు తిప్పి సమం చెయ్యండి. స్పీకర్ వైరు వెనకాల వేలాడుతుంటే కాలికి తగులుకుని మొత్తం లాగేస్తుంది, దాన్ని నిలువు పెట్టె వెంట రెండు చోట్ల క్లిప్పులతో బిగించి, నేల మీద గోడ వారగా తీసుకెళ్ళండి. మొదటి వానాకాలం పోయాక ఒకసారి స్క్రూలన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. కొలతల్లో ఎక్కడైనా అర్థం కాకపోతే మీ స్పీకర్ బరువు, ఎత్తు రాసి పంపండి, కలిసి లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య