ముల్లుకు డీజిల్ కనిపించదు

“మాస్టారూ, బంకులో నాకు తక్కువ పోస్తున్నారా?” గుణుపురం నుంచి ఒక జీపు యజమాని అడిగిన ప్రశ్న ఇది. వంశధార ఒడ్డు ఊళ్ల నుంచి వారపు సంతలకు సరుకు చేరవేసే పాత డీజిల్ జీపు ఆయనది. ట్యాంకు పొర్లేదాకా పోయించినా గేజిలో ముల్లు సగం దగ్గరే ఆగిపోతోంది. చిత్రమేమిటంటే, ట్యాంకు అడుగంటినప్పుడు మాత్రం ఖాళీ అనే చూపిస్తోంది. నిండుగా ఉన్నప్పుడు అబద్ధం, ఖాళీగా ఉన్నప్పుడు నిజం! ఈ మాట వినగానే మీటరు సంచిలో వేసుకుని బయలుదేరాను.

గేజిలోని ముల్లుకు డీజిల్ కనిపించదు. దానికి తెలిసింది తీగలో పారే విద్యుత్తు ఒక్కటే. ట్యాంకులో తేలే బుడ్డికి ఒక కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ రెండో కొస, విద్యుత్తును కొంత అడ్డుకునే నిరోధపు తీగ చుట్ట మీద జరుగుతూ ఉంటుంది. మెకానిక్కులు ఈ మొత్తాన్నీ కలిపి ఫ్లోటు అంటారు. విల్లీస్ వంశానికి చెందిన సీజే జీపుల్లో ట్యాంకు ఖాళీగా ఉంటే ఈ చుట్ట నిరోధం సుమారు 73 ఓములు (నిరోధాన్ని కొలిచే ప్రమాణం ఓము), సగానికి 23, నిండితే 10. నిరోధం తగ్గేకొద్దీ విద్యుత్తు ఎక్కువగా పారి ముల్లు పైకి లేస్తుంది. తీగ తెగిపోతే ముల్లు ఖాళీ మీదే పడి ఉంటుంది. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. తప్పు జరిగినా డ్రైవరు బంకుకే వెళతాడు గాని అడవి దారిలో ఆగిపోడు. కొన్ని ఇతర కంపెనీల బళ్లలో లెక్క తిరగబడి ఉంటుంది కాబట్టి మీ బండి అంకెలు మీరే కొలుచుకోవాలి.

జీపు కిందికి దూరి రెండు కొలతలు తీశాను. ఫ్లోటు తీగ బిగించే చోటుకీ ఫ్లోటు మూతకూ మధ్య 11 ఓములు. అదే చోటు నుంచి ఛాసిస్‌కు (అంటే బండి ఇనుప చట్రానికి) కొలిస్తే 24. ట్యాంకు నిండుగానే ఉంది, ఫ్లోటు ఆ మాటే చెబుతోంది. కానీ మూతకూ ఛాసిస్‌కూ మధ్య 13 ఓములు అదనంగా వచ్చి చేరాయి. విద్యుత్తు బ్యాటరీకి తిరిగి వెళ్లవలసిన ఎర్తు దారి అది. అక్కడి బోల్టు చుట్టూ ఇటుక రంగు తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. గోటితో గీస్తే రాలింది.

మరి ఖాళీగా ఉన్నప్పుడు నిజమెలా చెప్పింది? సంతలో హమాలీ మూటకు 13 రూపాయలు తీసుకుంటాడనుకోండి. మూట చిన్నదా పెద్దదా అన్నది ఆయనకు పట్టదు. 10 రూపాయల తోటకూర మోయిస్తే ఇల్లు చేరేసరికి దాని ఖరీదు 23, అంటే రెట్టింపు దాటిపోయింది. 73 రూపాయల చింతపండుకైతే 86 అవుతుంది, ఆ తేడా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. తుప్పు ఈ హమాలీ లాంటిది. నిండు ట్యాంకు 10 ఓములకు 13 కలిస్తే 23, అది అచ్చంగా సగం ట్యాంకు గుర్తు. ఖాళీ ట్యాంకు 73కు అదే 13 కలిస్తే ముల్లు ఖాళీకి ఇంకాస్త కిందికి ఒరుగుతుంది, అంతే.

ఇలా నిరోధాలను ఒకదాని వెనుక ఒకటి కలపడాన్నే శ్రేణి సంధానం అంటారు. ఆ పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. రెండు నిరోధాల బొమ్మ గీసి, కూడిక చేయించి, మార్కులు వేశాను. ఆ రెండో నిరోధం తుప్పు పట్టిన బోల్టు కావచ్చని ఒక్కసారైనా పిల్లలకు చూపించి ఉండవలసింది. 1827లో తన సూత్రాన్ని పుస్తకంగా అచ్చు వేయించిన ఓమ్ కూడా కొలోన్‌లో బడిపంతులుగా పనిచేసినవాడే.

జీపుకు దిష్టి తగిలిందని ఎవరో చెబితే యజమాని మొదట నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుకుని ఘాటీ ఎక్కే డ్రైవర్ల భక్తి మీద నాకు గౌరవం ఉంది. నా బాధల్లా దిష్టి అనుకున్నాక రెండేళ్లు ఎవరూ ట్యాంకు కిందికి తొంగిచూడకపోవడమే.

తుప్పును పూర్తిగా గీకాలని కూడా లేదు. ఫ్లోటు మూత స్క్రూ నుంచి ఛాసిస్‌లో శుభ్రంగా రుద్దిన చోటుకు ఒక రాగి తీగ బిగిస్తే చాలు. 13 ఓముల దారి పక్కనే దాదాపు సున్నా ఓముల దారి తెరిస్తే విద్యుత్తు దాదాపు అంతా కొత్త దారినే పడుతుంది. హమాలీ అక్కడే కూర్చుని ఉంటాడు, మూట మాత్రం ఆయన చేతికి వెళ్లదు.

బ్యాటరీ తీగ విప్పి ఆ పని చేసి, మళ్లీ తగిలించి తాళం తిప్పాం. ముల్లు చప్పున లేవలేదు. ఆయన ముఖం వాడిపోయింది. ఆ గేజిలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది, ఇస్త్రీపెట్టెలో టక్కుమనే పట్టీ లాంటిదే. దాని మీద చుట్టిన తీగ వేడెక్కితే పట్టీ వంగి ముల్లును నెడుతుంది. వేడెక్కడానికి కొంత సమయం కావాలి. గతుకుల్లో డీజిల్ ఎంత ఎగిరిపడినా ముల్లు ఊగకపోవడానికి కారణం ఈ నిదానమే. కాసేపటికి ముల్లు సగం దాటి నిండు గీత దగ్గరకు చేరింది.

మీ బండిలో ముల్లు ఎప్పుడూ ఖాళీ మీదే ఉంటే, తీగ తెగలేదని తేలాక, బుడ్డిని అనుమానించండి. ఇత్తడి బుడ్డికి సన్నని చిల్లి పడితే లోపలికి ఇంధనం చేరి మునిగిపోతుంది. బయటకు తీసి చెవి దగ్గర ఊపితే గళగళమంటుంది. దానికి టంకం పెట్టే సాహసం చేయకండి, లోపల మిగిలిన ఆవిరి వేడికి పేలవచ్చు. కొత్త బుడ్డి వేసుకోండి. చివరగా సమతలం మీద బండి నిలిపి, ఖాళీ ట్యాంకులో 5 లీటర్ల చొప్పున పోస్తూ ముల్లు ఎక్కడుందో నోటుబుక్కులో రాసుకోండి. ట్యాంకు అడుగు వంపులు తిరిగి ఉంటే ముల్లు సగం చూపినప్పుడు లోపల సగం లీటర్లు ఉండవు. గుణుపురం జీపుకు ఆ పట్టిక ఇంకా రాయాలి, వచ్చే సంత అయ్యాక.