వారసత్వ ప్రాంతాలకు ప్రభుత్వ నిధులు: నేను తరచూ వినే అపోహలు

చారిత్రక ప్రాంతాలకు ప్రణాళికలు, డీపీఆర్‌లు (నిధుల కోసం పంపే సవివర ప్రాజెక్టు నివేదికలు) తయారుచేయడం నా వృత్తి. సర్పంచులతో, మున్సిపల్ అధికారులతో, గుడి కమిటీలతో కూర్చున్నప్పుడల్లా అవే మాటలు వినిపిస్తాయి. వాటిని నమ్మి కొన్ని ఊళ్లు రావలసిన నిధులు పోగొట్టుకుంటున్నాయి. కొన్నిచోట్ల నిధులు వచ్చినా పని సగంలో ఆగుతోంది. నాకది నిజంగా బాధగా ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: యునెస్కో గుర్తింపు వస్తే డబ్బు దానంతటదే వస్తుంది.

రాదు. యునెస్కోకు ప్రపంచ వారసత్వ నిధి ఉన్న మాట నిజమే కానీ, అది చాలా చిన్నది. కట్టడాన్ని కాపాడే ఖర్చు, బాధ్యత ఆ దేశానివే. రామప్ప గుడి 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రామప్ప ప్రాంత పర్యాటక సర్క్యూట్‌కు (కలిపి చూసేలా జోడించిన ప్రదేశాలకు) రూ.73.74 కోట్లు మంజూరైంది 2024-25లో, అదీ కేంద్రం తెచ్చిన వేరే పథకం కింద, రాష్ట్రం పంపిన ప్రతిపాదన మీద. గుర్తింపు ఉంటే ప్రతిపాదనకు బలం వస్తుంది. ప్రతిపాదన మాత్రం మనమే రాసుకోవాలి.

అపోహ: కేంద్రం ఇచ్చేదంతా గ్రాంటే.

గ్రాంటు అంటే తిరిగి కట్టనక్కర్లేని డబ్బు. పైన చెప్పిన రూ.73.74 కోట్లు గ్రాంటు కాదు. మూలధన పెట్టుబడి కోసం రాష్ట్రాలకు ఇచ్చే ప్రత్యేక సాయం అది. 50 ఏళ్లలో తీర్చాల్సిన వడ్డీ లేని రుణం. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల (రూ.68.10 కోట్లు), గండికోట (రూ.77.91 కోట్లు), రాజమహేంద్రవరం దగ్గరి అఖండ గోదావరి (రూ.94.44 కోట్లు) ప్రాజెక్టులకు వచ్చిందీ ఇదే పద్ధతిలో. వారసత్వ నగరాల కోసం తెచ్చిన హృదయ్ పథకం ఇలా కాదు, అది నూరు శాతం కేంద్ర నిధులతో నడిచింది. దేశం మొత్తంలో 12 నగరాలను తీసుకుంటే, మన దగ్గర వరంగల్‌కు రూ.40.54 కోట్లు, అమరావతికి రూ.22.26 కోట్లు కేటాయించారు. ఆ పథకం 2015 జనవరిలో మొదలై 2019 మార్చితో ముగిసింది. అయినా ఇప్పటికీ "హృదయ్ కింద అప్లై చేద్దాం సార్" అనేవాళ్లు ఉన్నారు. ఏ పథకం నడుస్తోందో, అందులో వచ్చేది గ్రాంటో రుణమో ముందు తెలుసుకోవాలి.

అపోహ: ప్రణాళిక అంటే కాగితాల పని, కన్సల్టెంట్ రాసిచ్చేస్తాడు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. రామప్పనే చూడండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఒక్కటే కాదు అక్కడున్నది. పక్కనే ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్న కాకతీయుల నాటి రామప్ప చెరువు, దాని కట్ట, తూములు, కాలువలు, పాలంపేట చుట్టూ చెదిరి ఉన్న చిన్న గుళ్లు, వాటి మధ్య ఊళ్లు, పొలాలు. వారసత్వ ప్రాంతం అంటే ఇదంతా. గుడి ప్రహరీ వరకే గీత గీసి ప్లాన్ చేస్తే చెరువు బయట మిగిలిపోతుంది. గుడి నిలిచింది ఇసుక నింపిన పునాది మీద, కాబట్టి చుట్టుపక్కల నేలలో ఏం జరిగినా అది మనకు సంబంధించిన విషయమే.

సరిహద్దు గీయాలంటే గ్రామ పటం పట్టుకుని నడవాల్సిందే. ఏ సర్వే నంబరు ఎవరిదో రాసుకోవాలి: పురావస్తు శాఖదా, దేవాదాయ శాఖదా, నీటిపారుదల శాఖదా, అడవిదా, పట్టా భూమా? నేను చూసిన ఒక ప్రతిపాదనలో పార్కింగ్ స్థలాన్ని చక్కగా రంగులేసి చూపించారు. రికార్డుల్లో చూస్తే అది చెరువు శిఖం భూమి. వానాకాలం నిండా నీళ్లే. ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) రాలేదు. స్థలం మార్చి మళ్లీ అంచనాలు వేసేసరికి ఆ ఏడాది అవకాశం పోయింది. ఊళ్లో ఏ రైతును అడిగినా ఒక్క నిమిషంలో చెప్పేవాడు. అందుకే గ్రామసభ, రైతులు, గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవాళ్లు, వీళ్లతో మాట్లాడటాన్ని ఫార్మాలిటీగా చూడొద్దని ప్రతి ఆఫీసులో బతిమాలుతుంటాను. సర్వేకి, సంప్రదింపులకి అయ్యే ఖర్చును "వృథా" అని కోసేస్తే, నిర్మాణంలో అంతకు అంత పోతుంది.

అపోహ: రక్షిత కట్టడానికి వంద మీటర్లలో ఇటుక కూడా పెట్టకూడదు.

కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. కొలత మొదలయ్యేది రక్షిత ప్రాంతం హద్దు నుంచి, గోపురం నుంచి కాదు. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. అయితే చట్టంలో "నిర్మాణం" నిర్వచనం చదివితే, ప్రజల కోసం మురుగుకాల్వలు, మరుగుదొడ్లు, తాగునీటి, కరెంటు పనులు అందులోకి రావని స్పష్టంగా ఉంది. ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. ఈ ఒక్క విషయం తెలియక భక్తులకు మరుగుదొడ్డి కూడా ప్రతిపాదించని డీపీఆర్‌లు ఉన్నాయి. ఆడవాళ్లు పడే ఇబ్బంది చూస్తే కోపం వస్తుంది. రాష్ట్ర రక్షిత కట్టడాలకు రాష్ట్ర చట్టం వర్తిస్తుంది, దాన్ని విడిగా చూసుకోవాలి.

అపోహ: పేరున్న గుడో కోటో ఉంటేనే నిధులు.

కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద శాలిహుండం, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు కలిపి ఒకే బౌద్ధ సర్క్యూట్‌గా మంజూరయ్యాయి. విడివిడిగా అడిగితే వీటిలో కొన్నిటి పేరు కూడా బయటివాళ్లకు తెలియదు. పక్క మండలంతో, పక్క జిల్లాతో కలిసి అడగండి.

అపోహ: మంజూరైతే పనైపోయినట్టే.

డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత లెక్క, అంటే వినియోగ ధ్రువపత్రం, ఆలస్యమైతే రెండోది ఆగుతుంది. అంతకన్నా పెద్ద సమస్య నిర్వహణ. స్వదేశ్ దర్శన్ లాంటి పథకాల్లో నిర్మాణానికే కేంద్రం డబ్బిస్తుంది, తర్వాత నడపాల్సింది రాష్ట్రమే. లైట్ల కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఊడ్చేవాళ్ల జీతం ఏ పద్దు నుంచి, టికెట్ డబ్బులు పంచాయతీకి ఎంత, మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది — ఇవి డీపీఆర్‌లోనే, పేర్లతో కాకపోయినా హోదాలతో రాసి, ఆయా శాఖల సంతకాలు మంజూరుకు ముందే తీసుకోవాలి. మంజూరు అయ్యాక అడిగితే ప్రతి శాఖా పక్క శాఖ వైపు చూపిస్తుంది.