మ్యూజిక్ హాల్ బెనిఫిట్ నైట్లు: అపోహలు - వాస్తవాలు

నేను రంగస్థల చరిత్ర పాఠాలు చెబుతాను. 19వ శతాబ్దపు లండన్ మ్యూజిక్ హాళ్ల (మందు తాగుతూ పాటలు వినే వినోదశాలల) దగ్గరికి రాగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: బెనిఫిట్ నైట్ అంటే డబ్బున్నవాళ్లు పేదలకు చేసిన దానం.

వాస్తవం: అలాంటివీ జరిగాయి. కానీ చాలా బెనిఫిట్లు కళాకారుల కోసమే. జబ్బు చేసినా, గొంతు పోయినా వాళ్లకు ఆదాయం ఆగిపోయేది, పెన్షన్ లేదు. అందుకని ఒక రాత్రి వసూళ్లు ఆ మనిషికి వదిలేసేవారు. మొత్తం ఇస్తారా, ఖర్చులు పోను మిగిలింది ఇస్తారా, సగమే ఇస్తారా అనేది యజమానితో కుదిరిన ఒప్పందాన్ని బట్టి. టికెట్లు చాలాసార్లు ఆ కళాకారులే తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి అమ్ముకోవాలి. తోటివాళ్లు వచ్చి ఊరికే పాడేవారు. పేరున్న గాయకులు ఎలాగూ ఒకే రాత్రి గుర్రబ్బండిలో హాలు నుంచి హాలుకు తిరిగేవారు కాబట్టి, దారిలో ఇంకోచోట దిగి ఓ పాట పాడటం వీలయ్యేది. రేపు తమకు అవసరం పడితే వీళ్లే వస్తారు. దీన్ని దానం ఖాతాలో రాయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. ఇది లేనివాళ్లు ఒకరికొకరు వేసుకున్న చీటీ లాంటిది.

అపోహ: హాలుకు వచ్చేది తాగుబోతులే.

వాస్తవం: మందు అమ్మకం మీదే చాలా హాళ్లు నడిచాయి, నిజమే. అయినా గుమాస్తాలు, దుకాణదారులు, భార్యాభర్తలు కూడా వచ్చేవారు.

అపోహ: సంఘ సంస్కర్తలందరూ ఈ వినోదాన్ని మూయించాలనే చూశారు.

వాస్తవం: ఎమ్మా కాన్స్ సంగతి చూడండి. పేదల ఇళ్ల నిర్వహణలో పనిచేసిన ఆమె, 1880లో ఇప్పటి ఓల్డ్ విక్ థియేటర్‌ను తీసుకుని, మందు బదులు కాఫీ అమ్మే మ్యూజిక్ హాల్‌గా నడిపారు. మొదట్లో నష్టాలే. 1882 నుంచి అక్కడ ఒక్క పెన్నీకే సైన్స్ ఉపన్యాసాలు పెట్టారు. కూలీలు కూర్చుని విన్నారు. ఆ తరగతులే పెరిగి 1889లో మోర్లీ కాలేజీ అయ్యాయి.

లండన్‌లో పేదలుండే ఈస్ట్ ఎండ్‌లోని విల్టన్స్ మ్యూజిక్ హాల్ కథ ఇంకోరకం. 1859లో కట్టిన ఆ హాలును 1888లో మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ వాళ్ల మిషన్ తీసుకుంది. మరుసటి ఏడాది గంటకు ఆరు పెన్నీల కూలి కోసం ఓడరేవు కార్మికులు సమ్మెకు దిగితే, అక్కడే రోజుకు రెండు వేల భోజనాలు పెట్టారు. సమ్మె గెలిచింది, ఆరు పెన్నీలూ వచ్చాయి.