గుర్రానికి ఈగల మందు కొనేముందు: అపోహలు - వాస్తవాలు

మా గోదావరి జిల్లాల్లో ఈగల బాధ లేని గుర్రాలంటే, కాటన్ దొరని ఎక్కించుకుని ఊరి సెంటర్లో నిలబడ్డ విగ్రహాలే. పెళ్లి ఊరేగింపులకి తిప్పేవీ, సరదాకి పెంచుకునేవీ మాత్రం వానాకాలమంతా తోక ఊపి ఊపి అలిసిపోతాయి. నేను పశువైద్యుణ్ణి. నా దగ్గరికి వచ్చేవాటిలో గేదెలే ఎక్కువ, గుర్రాలు తక్కువ. కానీ కాలవలకి నీళ్లు వదిలింది మొదలు గుర్రాల వాళ్ల ఫోన్లు పెరుగుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ మందు కొట్టమంటారండి?" "ఏ ఈగ?" అని నేను ఎదురడిగితే అవతల కాసేపు మాట ఉండదు.

అపోహ: ఈగంటే ఈగే, ఒక మందు అన్నిటికీ చాలు

పాలకొల్లు దగ్గర ఒకాయన తెల్ల ఆడగుర్రాన్ని పెళ్లిళ్లకి తిప్పుతాడు. "మూడు మందులు మార్చానండి, ఆయ్, ఒక్కటీ పనిచేయలేదు" అన్నాడు. వెళ్లి చూస్తే గుర్రం వీపు మీద ఒక్క ఈగ లేదు. కానీ అది నిలబడ్డచోట నిలబడట్లేదు, కాళ్లు నేలకేసి కొడుతోంది. గొంతుకూర్చుని చూశాను. మోకాళ్ల కింద ఆరేడు ఈగలు, అన్నీ తల పైకి పెట్టి వాలి ఉన్నాయి. చూడ్డానికి అచ్చం ఇంట్లో ఈగే. తేడా అల్లా మూతి ముందుకి సూదిలా పొడుచుకొచ్చి ఉంటుంది. మా పుస్తకాల్లో దీని పేరు స్టేబుల్ ఫ్లై. నెత్తురు తాగుతుంది, ఆడదీ మగదీ కూడా. ఆయనేమో మందంతా మెడకీ వీపుకీ కొడుతున్నాడు, కాళ్లకి చుక్క తగల్లేదు.

దాణా తొట్టి కింద తొక్కుడుపడ్డ వరిగడ్డిని కర్రతో లేపాను. పైన పొడిగా ఉంది. కింద మూత్రం పట్టి, పులిసి, వేడెక్కి, సన్నటి తెల్ల పురుగులతో కదులుతోంది. ఈ ఈగకి పుట్టిల్లు అదే. మన ఎండలకి గుడ్డు నుంచి ఈగ కావడానికి రెండు మూడు వారాలు చాలు. ఇంటి ఈగకైతే వారం పది రోజులే, దానికి తడి లద్ది ఉంటే సరిపోతుంది. గుర్రం రోజుకి 15-20 కిలోల లద్ది వేస్తుంది, లెక్క మీరే వేసుకోండి. కనీసం వారానికి రెండుసార్లు పాక అడుగుదాకా ఊడ్చి, తీసిన పెంటని దూరంగా పోగేసి కప్పకపోతే ఎంత ఖరీదైన స్ప్రే కొన్నా దండగే.

జోరీగ కథ వేరు. "చెవిలో జోరీగలా" అని మనుషుల్ని తిట్టడానికి వాడేస్తాం గానీ, అది కరిచినప్పుడు గుర్రం గెంతే గెంతు చూస్తే ఆ మాట అంత తేలిగ్గా వాడం. దాని పిల్ల పురుగులు పెరిగేది లద్దిలో కాదు, కాలవ గట్టునా చెరువు అంచునా తడి బురదలో. డెల్టాలో దానికేం కొదవ? పాక అద్దంలా ఉంచినా జోరీగ వస్తుంది. మందుల విషయంలో మొండిది కూడా ఇదే, ఏ స్ప్రేకీ పూర్తిగా లొంగదు.

ఇక జూలు దగ్గరా తోక మొదట్లోనూ వెంట్రుకలు ఊడేలా గుర్రం గుంజకేసి రుద్దుకుంటుంటే, అది ఈగ పని కాకపోవచ్చు. కంటికి సరిగా ఆనని చిన్న కుట్టుడు దోమ ఒకటుంది. తెల్లవారుజామునా చీకటి పడేవేళా వస్తుంది. దాని కాటుకి కొన్ని గుర్రాలకి ఎలర్జీ. ఆ దోమకి గాలికి ఎదురు ఎగిరే శక్తి లేదు కాబట్టి పాకలో పెద్ద ఫ్యాన్ పెట్టండి. నన్నడిగితే దీనికి సీసా మందు కంటే ఫ్యానే నయం.

అపోహ: గేదెలకి కొట్టే మందే గుర్రానికీ

ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే మిగతా వ్యాసం చదవకపోయినా ఫర్వాలేదు. గేదెల పిడుదులకి మన దగ్గర వాడే మందుల్లో అమిట్రాజ్ ఒకటి. గేదెకి బాగానే పనిచేస్తుంది. గుర్రానికి వాడకూడదు. పేగుల కదలిక మందగించి, మేత లోపలే గడ్డకట్టి, కడుపునొప్పి మొదలవుతుంది. ఇలాంటి కేసు నేనొకటి చూశాను. ముందురోజు సాయంత్రం గేదెలకి కలిపిన మందు బకెట్లో మిగిలిందని గుర్రానికీ తుడిచారు. మర్నాటికి లద్ది ఆగింది. మేత ముట్టకుండా మాటిమాటికీ తన డొక్కవైపే చూసుకుంటోంది. ఆ గుర్రం బతికింది గానీ, మూడు రోజులు ఇంట్లో వాళ్లకీ నాకూ ఒకటే టెన్షన్.

సీసా మీద పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అందులో ఏముందో చిన్నక్షరాల్లో ఉంటుంది. చిన్నక్షరాలు చదవండి. గుర్రాల స్ప్రేలలో ఎక్కువగా ఉండేది పెర్మెత్రిన్ లేదా దాని బంధువులు. అవి కూడా గుర్రానికి అని రాసి ఉన్నవే, రాసిన పాళ్లలోనే వాడాలి. పాకలో పిల్లి తిరుగుతుంటే జాగ్రత్త, పెర్మెత్రిన్ పిల్లులకి విషం.

అపోహ: ఘాటు ఎంతుంటే పని అంత

కిరసనాయిలు, ఇంజను నుంచి తీసిన నల్ల నూనె, ఫినాయిల్, చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు... అన్నీ చూశాను. మొదటి మూడూ చర్మాన్ని కాలుస్తాయి. నాలుగోది చర్మంలోంచి ఒంట్లోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. వద్దు.

అపోహ: చెట్టు మందు కాబట్టి హాని లేదు

వేపనూనె మీద నాకు గౌరవం ఉంది, కానీ చిక్కటి నూనె పూసి ఎండలో కడితే చర్మం ఎర్రబడి పొక్కుతుంది. పల్చగా కలిపి, ముందు అరచెయ్యంత చోట రాసి ఒక రోజు చూడాలి. సిట్రొనెల్లా వాసన బాగుంటుంది గానీ ఎక్కువసేపు నిలవదు. ఒక రకం చామంతి పువ్వు నుంచి తీసే పైరెత్రిన్ ఈగని వెంటనే పడగొడుతుంది, కానీ ఎండ తగిలితే త్వరగా విరిగిపోతుంది. ఉదయం కొట్టింది మధ్యాహ్నం దాకా ఉంటుందని ఆశపడొద్దు.

వెల్లుల్లి దాణాలో కలిపితే ఈగలు రావని ఒక నమ్మకం. ఈగల సంగతి అలా ఉంచండి, ఎక్కువ మోతాదులో రోజూ పెడితే గుర్రానికి ఎర్ర రక్తకణాలు దెబ్బతిని రక్తం తగ్గుతుంది. సాయంత్రం వేపాకు పొగ వేయడం మా అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. కాసేపు పనిచేస్తుంది కూడా. అయితే గుర్రం ఊపిరితిత్తులు పొగకి ఓర్వవు. మూసిన పాకలో వద్దు, గడ్డివాము పక్కన అసలే వద్దు.

అపోహ: మందు కొట్టాక కాలవలో కడిగేస్తే సరి

ఇది మన డెల్టాకి ప్రత్యేకమైన ప్రమాదం. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ జాతి మందులు చేపలకీ రొయ్యలకీ అతి తక్కువ పాళ్లలోనే విషం. భీమవరం చుట్టుపక్కల ఏ కాలవ నీళ్లు ఎవరి చెరువులోకి వెళ్తాయో మీకే తెలుసు. మందు కొట్టిన గుర్రాన్ని కాలవలో దింపొద్దు, బకెట్ కడిగిన నీళ్లు బోదెలో పారబోయొద్దు. పక్క చెరువు రైతుతో తగువు కంటే మీ ఇంటి బోరింగు నీళ్లతో కడగడం తేలిక.

అపోహ: ఒకసారి కొడితే వారం ఢోకా లేదు

సీసా మీద అలా రాసి ఉండొచ్చు. అది పొడి వాతావరణానికి రాసింది. మన ఉక్కపోతకి గుర్రం చెమటకే సగం పోతుంది, మిగతాది వానకి. ముందు బ్రష్‌తో దుమ్ము దులిపి, ఒళ్లు ఆరాక కొట్టాలి. మట్టి మీద కొడితే మందు మట్టికి అంటుతుంది. కాళ్లు, పొట్ట కింద మర్చిపోవద్దు. మొహానికి స్ప్రే చేయకుండా గుడ్డకి రాసి కళ్లకి దూరంగా తుడవండి. పెళ్లి గుర్రం నుదుటికి కట్టే పూసల జల్లి అలంకారమే అనుకుంటాం గానీ, తల ఆడించినప్పుడల్లా అది కళ్ల మీద ఈగల్ని తోలుతుంది. ఊరేగింపు అయిపోగానే పెట్టెలో దాచకండి.

అపోహ: తెల్ల గుర్రానికే ఈగలెక్కువ

తెలుపు మీద ఈగ బాగా కనబడుతుంది, అంతే. జోరీగకి నచ్చేది ముదురు రంగు. తెల్ల గుర్రాల మీద అవి తక్కువగా వాలతాయని హంగరీ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. 2019లో బ్రిటన్‌లో గుర్రాలకి జీబ్రా చారల గుడ్డ కప్పి చూస్తే, కప్పిన చోట జోరీగలు బాగా తక్కువ వాలాయి, కప్పని తల మీద మాత్రం మామూలే. మీ ఊళ్లో నవ్వుతారేమో గానీ పనిచేసే సంగతే.

అపోహ: ఈగ కుడితే దురదే కదా

సర్రా అని ఒక జబ్బుంది. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ అనే ఊళ్లో గుర్రాల, ఒంటెల నెత్తుట్లో దాని పరాన్నజీవిని కనిపెట్టాడు. జోరీగ ఒక జంతువు మీద సగం తాగి, తోలేస్తే మూతికి నెత్తురుతోనే ఇంకోదాని మీద వాలుతుంది. జబ్బు అలా పాకుతుంది. గేదెల్లో ఇది చాలాసార్లు పైకి కనబడకుండా ఉంటుంది, గుర్రంలో మాత్రం ప్రాణాంతకం. జ్వరం వచ్చి పోతూ ఉండటం, మేత తింటున్నా చిక్కిపోవడం, కాళ్లకీ పొట్ట కిందా వాపు కనబడితే స్ప్రే పక్కన పెట్టి నెత్తురు పరీక్ష చేయించండి. గుర్రాన్ని గేదెల పాకకి వీలైనంత దూరంగా కట్టండి.

వానల్లో మానకుండా కండ పెరిగే పుండుని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. గాయం మీద వాలిన ఈగ ఒక రకం నులిపురుగు పిల్లల్ని అక్కడ వదులుతుంది. బర్సాతీ పుండు అంటారు. పైన పూత మందులతో లొంగదు.

పాలకొల్లు ఆయన గడ్డి తీసేసి ఇసక పోశాడు, ఫ్యాన్ పెట్టాడు, మందు కాళ్లకి కొడుతున్నాడు. గుర్రం కాళ్లు కొట్టుకోవడం తగ్గింది. జోరీగలు మాత్రం వస్తూనే ఉన్నాయన్నాడు. ఎండలో వేడెక్కి కదిలే నల్లటి వస్తువుని అవి జంతువనుకుంటాయి. అందుకని పిల్లల ప్లాస్టిక్ బంతికి నల్ల రంగు వేసి, బంక పూసి, పాకకి కాస్త దూరంగా వేలాడదీయమన్నాను. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫొటో పంపాడు: పదకొండు జోరీగలు, రెండు తూనీగలు. తూనీగలు ఈగల్ని తినేవి, అవి పడితే మనకే నష్టం. బంతిని కాలవ గట్టు నుంచి ఇవతలకి మార్చమన్నాను.