ప్రాచీన చరిత్ర పీజీ: మూత మొదలైంది 1960లోనే

2025 జనవరిలో వేల్స్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ 400 ఉద్యోగాలు తగ్గిస్తామంటూ ప్రతిపాదన పెట్టింది. ఎత్తేయాలనుకున్న సబ్జెక్టుల్లో ప్రాచీన చరిత్ర ఒకటి. దాంతో బ్రిటన్‌లో పాత గొడవ మళ్లీ లేచింది. గ్రీకు, రోమన్ చరిత్ర చదివేవాళ్లు లేక విభాగాలు పోతున్నాయా, చదివే దారే లేకుండా చేశారా?

యాజమాన్యాల మాట సూటిగానే ఉంటుంది: డబ్బు చాలడం లేదు, చేరేవాళ్లు తక్కువ. చేరేవాళ్లు ఎందుకు తగ్గారో తెలియాలంటే మాత్రం 1960కి వెళ్లాలి.

అప్పటిదాకా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో సైన్సు చదవాలన్నా రోమన్ల భాష లాటిన్‌లో పరీక్ష గట్టెక్కాల్సిందే. గ్రీకు నిబంధన మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాకే పోయింది కానీ, లాటిన్ నిలిచింది. 1960లో దాన్నీ తీసేశారు. ఫిజిక్స్ చదవబోయే పిల్లవాడికి లాటిన్ టెన్షన్ ఎందుకన్న వాదన న్యాయమైనదే. అయితే చాలా స్కూళ్లు లాటిన్ టీచర్లను పెట్టుకున్నది ఆ నిబంధన కోసమే. అది పోయాక సర్కారు బడుల్లో ఆ పోస్టులకు దిక్కు లేకుండా పోయింది. టీచర్లు ఊరుకోలేదు. కేంబ్రిడ్జ్‌లో 1966లో ఒక ప్రాజెక్టు మొదలైంది. వ్యాకరణం బట్టీ పట్టించకుండా కథలతో లాటిన్ నేర్పే పాఠాలు అందులోంచే 1970లో వచ్చాయి. ఆ పుస్తకాలే లేకుంటే ఈ కాస్త లాటిన్ కూడా మిగిలేది కాదు. 1988లో చట్టమైన జాతీయ పాఠ్యప్రణాళికలో మాత్రం లాటిన్‌కు చోటు దక్కలేదు. 2021లో బయటికొచ్చిన బ్రిటిష్ కౌన్సిల్ సర్వే ప్రకారం ఇంగ్లండ్‌లో 11-14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ స్కూళ్లు 2.7 శాతం, ప్రైవేటువి 49 శాతం.

ఈ తేడా బరువు చివరికి పీజీ మీద పడుతుంది. అక్కడ ఎం.ఏ. చాలావరకు ఏడాది కోర్సే. ప్రభుత్వ బడి నుంచి వచ్చిన విద్యార్థి మూల గ్రంథాలు చదవడానికి ఆ ఏడాదిలోనే అక్షరాల దగ్గర్నుంచి గ్రీకు నేర్చుకోవాలి, డిజర్టేషనూ రాయాలి. పీహెచ్‌డీకి వెళ్తే జర్మన్, ఫ్రెంచ్ చదవడం కూడా రావాలి. పక్క సీట్లో పదకొండో ఏట లాటిన్ మొదలుపెట్టిన వాళ్లుంటారు.

ఇది మనకు సంబంధం లేని విషయం కాదు. క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్' సన్నని నూలుబట్టలు నేసే 'మసాలియా' గురించి చెబుతుంది. అది మన కృష్ణా తీరమే. మూలంలో చదవగలిగేవాళ్లు తగ్గితే మన చరిత్రకూ లోటే.

తప్పు దిద్దే ప్రయత్నం ఆలస్యంగానైనా జరిగింది. 2021లో ప్రకటించిన 40 లక్షల పౌండ్ల పథకంతో, మరుసటి ఏడాది సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో మరికొన్ని ప్రభుత్వ స్కూళ్లలో లాటిన్ మొదలైంది. ఖజానా బాగోలేదంటూ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో, విద్యా సంవత్సరం మధ్యలోనే, ఆ నిధులు ఆపేసింది. 2022లో పదకొండేళ్ల వయసులో అందులో చేరిన పిల్లలు పీజీకి వచ్చేది 2032 ప్రాంతంలో.